మూత్రం పైపు: ఏ మనిషికి ఏది కుదురుతుంది

మా నాయనకు మూత్రం పంచెలోనే పడిపోతోందని తెలిసిన రోజు మేము చేసిన మొదటి పని, మెడికల్ షాపుకు పోయి కండోమ్ క్యాథెటర్ కొనుక్కురావడం. మగవాళ్లకు బయటి నుంచే కండోమ్‌లా తొడిగి, మూత్రాన్ని గొట్టంతో బ్యాగులోకి పంపేది అది. షాపాయన కూడా "లీకేజీకి ఇదే పెడతారమ్మా" అన్నాడు. తమ్ముడు పెట్టాడు. బ్యాగులో చుక్క చుక్క పడుతుంటే గండం గడిచిందనుకున్నాం. మూడో రోజు రాత్రి నాయన మాట లేకుండా మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట. పంచె సర్దబోయి అమ్మ చెయ్యి వేస్తే, బొడ్డు కింద పొట్ట బండలా తగిలింది. ఆటో మాట్లాడుకుని నల్లగొండకు తీసుకుపోయాం. అక్కడ లోపలికి పైపు వేయగానే లీటరున్నర మూత్రం వచ్చింది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ అప్పటికే పెరిగి ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఒకే ఒక్క మాట చెప్పింది: "ఇది లీకేజీ కాదమ్మా. కుండ నిండి పొర్లుతోంది."

ఆ మాట మాకు ముందే తెలిసి ఉంటే ఆయన కిడ్నీలకు ఆ దెబ్బ తగిలేది కాదు. ఇది రాయడానికి కారణం అదే.

మాది మర్రిగూడ వైపు. కృష్ణా నీళ్లు ఇంటికి రాకముందు ముప్పై నలభై ఏళ్లు ఫ్లోరైడ్ బోరు నీళ్లే తాగిన ఊరు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ఫ్లోరైడ్, ఏళ్ల తరబడి అంతకు మించి ఒంట్లోకి పోతే కీళ్లు బిగుసుకుపోవడం అందరికీ తెలుసు. తక్కువ మందికి తెలిసింది ఇంకోటుంది. వెన్నుపూసల మీద ఎముక పేరుకుని లోపలి సందు ఇరుకైతే వెన్నుపాము నలుగుతుంది. అప్పుడు కాళ్ల పట్టుతో పాటు మూత్రం మీద పట్టు కూడా పోతుంది. నాయనకు జరిగింది అది. ఈ ఆరేళ్లలో ఆయనకు నాలుగు రకాల పైపులూ వాడాం. మా చుట్టుపక్కల పక్షవాతం వచ్చినవాళ్లు, ప్రోస్టేట్ పెరిగినవాళ్లు, షుగర్ ముదిరినవాళ్లు ఏ పైపు పెట్టించాలో అడగడానికి మా ఇంటికి వస్తుంటారు. వాళ్లకు కూర్చోబెట్టి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. పైపు రాయాల్సింది డాక్టరే. కానీ ఏది ఎందుకు రాస్తున్నారో, ఇంకో దారి ఉందా అని అడగడం మన పని.

ముందు తేలాల్సిన సంగతి

మూత్రం తడిపేస్తోంది అంటే రెండు అర్థాలున్నాయి. ఒకటి, మూత్రాశయం ఖాళీ అవుతోంది కానీ ఆపుకోలేకపోతున్నారు. రెండోది, మూత్రాశయం ఖాళీ కావడమే లేదు, నిండి పొర్లి చుక్కలుగా కారుతోంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, పక్క తడుస్తుంది, వాసన వస్తుంది. పెట్టాల్సిన పైపు మాత్రం పూర్తిగా వేరు. మొదటిదానికి కండోమ్ పైపో డైపరో సరిపోవచ్చు. రెండోదానికి మూత్రాశయం లోపలికి పోయే పైపే కావాలి.

ఇది తేల్చే పరీక్ష పెద్ద ఖర్చుదేమీ కాదు. మనిషిని వీలైనంత వరకు మూత్రం పోసుకోమని, వెంటనే పొట్ట స్కానింగ్ చేస్తారు. లోపల ఎంత మిగిలిందో రిపోర్టులో 'పీవీఆర్' అని మిల్లీలీటర్లలో రాస్తారు. మూత్రం పూర్తిగా బంద్ అయిన అత్యవసరంలో తప్ప, ఆ అంకె చూడకుండా ఎవరు ఏ పైపు పెట్టమన్నా ఒప్పుకోకండి. మేము ఒప్పుకున్నాం, ఏమైందో పైన రాశాను.

రెండో ప్రశ్న, అసలు పైపు తప్పదా? ప్రోస్టేట్ పెరిగి మూత్రం బంద్ అయిన పెద్దవాళ్లకు పైపు వేసి, టామ్సులోసిన్ లాంటి మాత్ర మొదలుపెట్టి, కొన్ని రోజుల తర్వాత పైపు తీసి చూస్తారు. చాలామందికి మళ్లీ మామూలుగా వస్తుంది. రాకపోతే ఆపరేషన్ ఉంది. అది ఆరోగ్యశ్రీలో అవుతుందేమో ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడగాలి, డబ్బుల టెన్షన్‌తో ఏళ్ల తరబడి పైపుతోనే ఉండిపోవద్దు. పక్షవాతం వచ్చిన కొత్తలో మూత్రం ఆగిపోయినవాళ్లకు కొన్ని వారాల్లో తిరిగి రావచ్చు. గట్టిగా మలబద్ధకం పట్టినా మూత్రం ఆగుతుంది. దానికి పేగు ఖాళీ చేయించడమే మందు.

అందుకని పైపు వేసిన రోజే "ఎప్పుడు తీసి చూస్తారు?" అని అడిగి చీటీ మీద రాయించుకోవాలి. ఇంటికి పంపేటప్పుడు పైపు ఉంచి పంపడం సులువు, ఎవరూ పనిగట్టుకుని గుర్తుచేయరు. లోపల పైపు ఉన్న ప్రతి రోజుకూ మూత్రంలో క్రిములు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం దాకా ఉంటుంది. నెల గడిచేసరికి దాదాపు అందరికీ చేరిపోతాయి.

ఫోలీ పైపు: అందరికీ ముందు వేసేది

మన దగ్గర 'పైపు వేశారు' అంటే చాలాసార్లు ఇదే. మూత్రనాళం గుండా లోపలికి పోతుంది, కొనకు చిన్న బుడగ ఉంటుంది. లోపలికి పోయాక ఆ బుడగలో పది మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్, అంటే క్రిములు లేకుండా చేసిన నీళ్లు, ఎక్కిస్తే పైపు జారిపోదు. అమెరికాలో ఫోలీ అనే మూత్రవ్యాధుల డాక్టర్ 1930లలో తయారుచేశాడు, ఆయన పేరే నిలిచిపోయింది. మూత్రం హఠాత్తుగా బంద్ అయినప్పుడు ప్రాణం కుదుటపరిచేది ఇదే. ఆపరేషన్ తర్వాత ఒకట్రెండు రోజులకు, సీరియస్‌గా ఉన్నవాళ్లకు గంటగంటకూ మూత్రం కొలవడానికి దీనికి సాటి లేదు. నెలలు, ఏళ్లు అయితే మాత్రం ఇది నా మొదటి ఎంపిక కాదు.

షాపులో అడిగితే రెండు రకాలు ఇస్తారు. లేత పసుపు రంగులో మెత్తగా ఉండేది లేటెక్స్, అంటే రబ్బరు. పైన సిలికాన్ పూత ఉన్నా లోపల రబ్బరే. దాన్ని రెండు మూడు వారాలకోసారి మార్పిస్తారు. అద్దంలా పారదర్శకంగా ఉండేది పూర్తి సిలికాన్, డాక్టర్ చెప్పినదాన్ని బట్టి మూడు నెలల దాకా ఉంచవచ్చు. రేటు చూస్తే సిలికాన్ పైపు రబ్బరుదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. మేమూ మొదట్లో రేటు చూసి రబ్బరుదే తెచ్చాం. తర్వాత ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. మూడు నెలల్లో రబ్బరు పైపులు నాలుగైదు, మార్చిన ప్రతిసారీ కొత్త బ్యాగు, మార్చే నర్సుకు ఇచ్చేది, కుదరకపోతే టౌనుకు ఆటో, తమ్ముడి ఒక రోజు కూలి. అన్నీ కలిపితే సిలికానే తక్కువకు వచ్చింది. డబ్బు ఒక్కటే కాదు, నాయన నాలుగు సార్లు పడే నొప్పి ఒక్కసారితో పోయింది. నెల దాటి పైపు ఉండాల్సిన మనిషికి సిలికానే తీసుకోండి. వారం పది రోజుల్లో తీసేసేదైతే రబ్బరుదే చాలు. రబ్బరు పడక దురద, దద్దు వచ్చేవాళ్లకు మాత్రం ఒక్కరోజుకైనా సిలికానే.

ఇక సైజు. పైపు వెనక కొస దగ్గర రంగు ఉంటుంది. 14 నంబరుకు ఆకుపచ్చ, 16కు నారింజ, 18కి ఎరుపు. నంబరును మూడుతో భాగిస్తే పైపు మందం మిల్లీమీటర్లలో వస్తుంది. మామూలుగా మగవాళ్లకు 14 లేదా 16, ఆడవాళ్లకు 12 లేదా 14 చాలు. ఒకసారి మాకు ఇంటికి వచ్చి మార్చినాయన షాపులో 16 లేదని 18 పెట్టాడు. ఆ రాత్రంతా నాయనకు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, పైపు పక్క నుంచి మూత్రం కారడం. పొద్దున "పక్క నుంచి కారుతోంది కదా, 20 పెడదాం" అన్నాడు. ఒప్పుకోలేదు, ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ తెలిసింది: పక్క నుంచి కారిందంటే పైపు సన్నగా ఉందని కాదు. లోపల మూత్రాశయం ఆ పైపును ఓర్చుకోలేక బిగుసుకుంటోంది, లేదా పైపు మూసుకుపోయింది, లేదా మలబద్ధకం పేగును నింపి పైపును నొక్కుతోంది. లావు పైపు వేస్తే ఇంకా చెరుపు. 16 వేసి, విరేచనం సాఫీగా అయ్యేలా మందిచ్చారు. రెండు రోజుల్లో కారడం ఆగింది.

పైపు వేసేది చెయ్యి తిరిగిన నర్సో డాక్టరో అయి ఉండాలని నేను పట్టుబట్టేది కూడా ఇందుకే. మూత్రం రావడం కళ్లతో చూడకుండా బుడగ ఊదితే అది నాళంలోనే ఉబ్బి చీల్చేస్తుంది. మగవాళ్లలో నాళం పొడవు ఇరవై సెంటీమీటర్ల దాకా ఉంటుంది, దారిలో ఎక్కడైనా ఆగవచ్చు. బుడగలోకి సెలైన్ కాదు, స్టెరైల్ వాటరే ఎక్కించాలి. సెలైన్‌లోని ఉప్పు గడ్డకట్టి, తీసేటప్పుడు బుడగ దిగకుండా పోవచ్చు. సున్తీ కానివాళ్లకు పైపు వేశాక వెనక్కి లాగిన ముందు చర్మాన్ని మళ్లీ ముందుకు తేవాలి. మరిచిపోతే కొన్ని గంటల్లో వాచి బిగుసుకుపోతుంది.

వేసిన తర్వాత ఇంట్లో చూసుకునేది చాలావరకు బ్యాగు గురించే. మేము చేసిన పెద్ద తప్పు బస్సులో జరిగింది. నాయనను హైదరాబాద్ తీసుకుపోతున్నాం. నలుగురిలో బ్యాగు కనబడితే ఆయనకు సిగ్గు. ఒళ్లో పెట్టుకుని మీద తువ్వాలు కప్పుకున్నాడు. దారి పొడవునా అలాగే. బ్యాగు మూత్రాశయం కంటే పైన ఉంటే, అందులోని మూత్రం వెనక్కి లోపలికి పోతుందని మాకు తోచలేదు. మూడో రోజుకు చలి జ్వరం. బయటికి పోయేవాళ్లకు తొడకు గానీ పిక్కకు గానీ కట్టుకునే చిన్న బ్యాగు దొరుకుతుంది, లెగ్ బ్యాగ్ అని అడగాలి. పంచె కింద కనబడదు, ఎత్తూ సరిగ్గా ఉంటుంది. ఇంట్లోనైతే బ్యాగు మంచం పట్టెకు వేలాడాలి, నేలను తాకకూడదు. మన నవారు మంచాలు కిందికి ఉంటాయి కాబట్టి మేము కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. రెండు లీటర్ల బ్యాగు నిండితే రెండు కిలోల బరువు, ఆ బరువంతా పైపు కొనకే. మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయాలి. పైపును తొడకు ప్లాస్టర్‌తో కాస్త వదులు ఉంచి అతికించాలి. మా నాయనకు ఎనిమిది నెలలు ఫోలీ ఉంచాం. చివరికి పైపు ఒరుసుకుని ఒరుసుకుని నాళం మొదట్లో కింది వైపు చర్మం చీలడం మొదలైంది. స్నానం చేయిస్తూ తమ్ముడు చూసి బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. వేరే దారి వెతికింది అప్పటి నుంచే.

ఇంకో మాట, యాంటీబయాటిక్స్ గురించి. నెలల తరబడి పైపు ఉన్నవాళ్ల మూత్రం పరీక్ష చేయిస్తే క్రిములు ఉన్నాయనే వస్తుంది. చలి జ్వరం, పొత్తికడుపులోనో నడుములోనో నొప్పి, ముసలివాళ్లలో ఉన్నట్టుండి మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, ఇవేవీ లేకుండా రిపోర్టులో క్రిములున్నాయని మాత్రలు మింగించకండి. మూత్రం కాస్త మబ్బుగా ఉండటం, వాసన రావడం ఒక్కటే కారణమూ కాదు. పైపు మార్చిన ప్రతిసారీ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లున్నారు. అలా వాడీ వాడీ, నిజంగా జ్వరం వచ్చిన రోజు ఏ మందూ పనిచేయని స్థితి వస్తుంది. మలబద్ధకం ఉన్న పెద్దవాళ్లలో ఒక్కోసారి బ్యాగంతా ఊదా రంగుకు మారుతుంది, చూసి హడలిపోతారు. క్రిములు మూత్రంలోని ఒక పదార్థాన్ని నీలిమందు రంగుగా మార్చడం వల్ల వచ్చేది అది. డాక్టర్‌కు చూపించండి, మలబద్ధకం చూసుకోండి, పైపు, బ్యాగు మార్పించండి. మనిషి బాగానే ఉంటే అర్ధరాత్రి పరుగులు అక్కర్లేదు.

మా దగ్గర చాలామంది అడిగేది: "ఇక్కడి నీళ్లలో ఉప్పు ఎక్కువ కదా, అందుకేనా పైపులో సున్నం పడుతోంది?" కాదు. పైపులో పేరుకునే ఆ తెల్లటి గట్టి పొర, కొన్ని క్రిములు మూత్రాన్ని క్షారంగా మార్చినప్పుడు మూత్రంలోని ఖనిజాలే గడ్డకట్టి ఏర్పడేది. పైపు మాటిమాటికీ మూసుకుపోతుంటే మూత్రాశయంలో రాళ్లున్నాయేమో స్కానింగ్ చేయించాలి. డాక్టర్ నీళ్లు తగ్గించమని చెప్పినవాళ్లు తప్ప మిగతావాళ్లు నీళ్లు, అంబలి, మజ్జిగ బాగా తాగాలి. మన ఎండల్లో నీళ్లు తక్కువైతే పైపు మూసుకుపోవడం ఇంకా ఎక్కువవుతుంది.

కండోమ్ పైపు

మొదట మేము తప్పుగా వాడామని దీన్ని చెడ్డదనను. మూత్రాశయం ఖాళీ అవుతూ, ఆపుకోలేకపోతున్న మగవాళ్లకు ఇది ఫోలీ కంటే మేలు. లోపలికి ఏదీ పోదు, నొప్పి లేదు, ఇన్‌ఫెక్షన్ తక్కువ. పక్షవాతంతో మంచం మీదున్నవాళ్లకు రాత్రిపూట మాత్రం పెట్టి పగలు తీసేయవచ్చు. రోజూ తీసి, సబ్బుతో కడిగి, ఆరనిచ్చి కొత్తది పెట్టాలి. కొన దగ్గర ఒక అంగుళం ఖాళీ ఉండాలి. సరైన సైజు కొంటే దానంతట అదే నిలుస్తుంది. జారిపోతోందని మామూలు ప్లాస్టర్‌ను చుట్టూ బిగించి చుట్టడం ఎప్పుడూ చేయవద్దు. రక్తం ఆగిపోయి చర్మం నల్లబడుతుంది. స్పర్శ లేని మనిషికి నొప్పి కూడా తెలియదు. మతి స్థిమితం లేక పైపు లాగేసుకునే పెద్దవాళ్లకు కూడా, మూత్రాశయం ఖాళీ అవుతుంటే, ఇదే నయం. బుడగతో సహా ఫోలీని లాగేసుకుంటే నెత్తురే.

వేసి తీసేసే పైపు

నాలుగింటిలో నాకు ఎక్కువ గౌరవం దీని మీద. సీఐసీ అంటారు. బుడగ లేని సన్నని పైపు, షాపులో నెలటాన్ అనో ప్లెయిన్ క్యాథెటర్ అనో అడగాలి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి స్వయంగా వేసుకుని, మూత్రం పూర్తిగా పోనిచ్చి, తీసేయడమే. లోపల ఏదీ ఉండిపోదు, బ్యాగు ఉండదు. 1972లో మిషిగన్‌లో జాక్ లాపిడెస్ అనే డాక్టర్ దీన్ని లోకానికి చెప్పేదాకా, ఆపరేషన్ థియేటర్ అంత శుభ్రత లేకుండా పైపు వేయకూడదనే అనుకునేవాళ్లు. సబ్బుతో కడిగిన చేతులు చాలు, మూత్రాశయం అతిగా నిండి సాగిపోవడమే అసలు చేటు అని ఆయన చూపించాడు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు కిడ్నీలు కాపాడేది ఇదేనని ఇప్పుడు అన్నిచోట్లా ఒప్పుకుంటున్నారు.

పాలమూరు నుంచి బతుకుదెరువుకు పోయి మేస్త్రీ పని చేస్తూ పరంజా మీద నుంచి పడ్డ కుర్రాడొకడు మాకు ఆసుపత్రిలో పరిచయమయ్యాడు. నారాయణపేట వైపు ఊరు. నడుము కింద స్పర్శ లేదు. వీల్‌చైర్ వెనక ఒక స్టీలు టిఫిన్ డబ్బా వేలాడుతుంది. అందులో పైపులు, జెల్లీ గొట్టం, చిన్న సబ్బు, తెల్ల గుడ్డ. పొద్దున ఐదింటికి, తొమ్మిదిన్నరకు, రెండింటికి, ఆరున్నరకు, పడుకునే ముందు. సెల్‌ఫోన్ అలారం మోగగానే మాట మధ్యలో ఆపి పక్కకు పోతాడు, ఐదు నిమిషాల్లో వస్తాడు. ఇప్పుడు కిరాణా దుకాణం నడుపుతున్నాడు. వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ మీద వచ్చే పెన్షన్, 2023లో 4016 రూపాయలైంది కదా, అందులో కొంత పైపులకే పక్కన పెడతానని చెప్పాడు. కవరు మీద ఒక్కసారికే వాడాలని రాసి ఉంటుంది, కొనగలిగితే అదే మంచిది. అతను డాక్టర్ చెప్పిన పద్ధతిలో కడిగి ఆరబెట్టి కొన్ని రోజులు వాడి పారేస్తాడు. ఒక్కసారికి నాలుగైదు వందల మిల్లీలీటర్లకు మించి వస్తోందంటే సమయం దగ్గర చేసుకోవాలి. రాత్రి పూట నీళ్లు తగ్గించి పగలు తాగాలి.

మరి మా నాయనకు ఇదెందుకు కుదరలేదు? ఆయన మెడ వంగదు, మోచేతులు చాపలేడు. చూసుకోనూ లేడు, పట్టుకోనూ లేడు. అమ్మకు చూపు ఆనదు. నేను చేస్తానన్నాను. నాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు, ఆ రోజు అన్నం ముట్టలేదు. కన్నకూతురితో ఆ పని చేయించుకోవడం ఆయన తరం కాలేదు, అది ఆయన హక్కు. తమ్ముడు నాలుగు నెలలు చేశాడు. కానీ పొద్దున పనికి పోతే రాత్రికి వస్తాడు, మధ్యాహ్నం ఎవరు? రెండుసార్లు పొట్ట ఉబ్బి అవస్థ పడ్డాక మానేశాం. పైపు ఎంచుకునేటప్పుడు జబ్బును చూసినంతగా ఆ ఇంట్లో ఏ చేతులున్నాయో, ఆ చేతులు ఏ వేళకు ఇంట్లో ఉంటాయో, ఆ మనిషి ఎవరి చేత చేయించుకోగలడో చూడాలని నాకు అప్పుడే అర్థమైంది. ఆడవాళ్లకు నాళం పొడవు నాలుగు సెంటీమీటర్లే కాబట్టి నేర్చుకుంటే వేసుకోవడం సులువే, మొదట్లో అద్దం పెట్టుకుని చూసుకోవాలి. కూతురో కోడలో చేస్తామన్నా ముందు పైపు వేయించుకునే ఆవిడను అడగండి.

పొట్ట మీది పైపు

బొడ్డు కింద చిన్న రంధ్రం చేసి నేరుగా మూత్రాశయంలోకి వేసే పైపు, ఎస్పీసీ. పేరు వినగానే "పొట్ట కోస్తారా" అని మేమూ భయపడ్డాం. అక్కడి వరకే మత్తు ఇచ్చి వేస్తారు. వాడేది చాలావరకు ఫోలీ పైపే, దారి మాత్రమే వేరు. నాళం మూసుకుపోయినవాళ్లకు, ఫోలీ ఒరిపిడికి పుండు పడ్డవాళ్లకు, ఏళ్ల తరబడి పైపు తప్పనివాళ్లకు, స్వయంగా వేసుకోలేనివాళ్లకు ఇది బాగుంటుంది. కింద కూర్చున్నా నొక్కుకోదు, కడగడం తేలిక, మార్చేటప్పుడు సిగ్గు లేదు. ఆలుమగల మధ్య దగ్గరితనానికీ అడ్డు రాదు. ఈ సంగతి డాక్టర్లు అడగరు, మనమూ నోరు విప్పం. పెళ్లయిన కుర్రవాళ్లు తప్పకుండా అడిగి తెలుసుకోండి.

కష్టాలు లేవని కాదు. క్రిములు దీనికీ చేరతాయి, రాళ్లు దీనికీ పడవచ్చు, కింద నాళం నుంచి కొంచెం కారవచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు, ఇంతకుముందు పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు, మూత్రాశయంలో గడ్డ ఉందని అనుమానం ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. మొదటిసారి మార్పు నాలుగు నుంచి ఆరు వారాలకు, అదీ ఆసుపత్రిలోనే. దారి గట్టిపడ్డాక నేర్చుకున్న నర్సు ఇంట్లోనే మార్చవచ్చు. ఒక్క విషయం మాత్రం ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి: పైపు ఊడిపోతే ఆ రంధ్రం గంటల్లో పూడుకుపోతుంది. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు. శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టి అదే నిమిషాన బయల్దేరాలి. మేము ఒక కొత్త పైపు, స్టెరైల్ వాటర్, సిరంజి ఎప్పుడూ సంచిలో సిద్ధంగా ఉంచుతాం, పోయిన చోట ఆ సైజు లేదనే మాట రాకుండా.

నాయనకు ఇప్పుడున్నది ఇదే. నాలుగేళ్లు దాటింది.

నన్ను అడిగితే

పక్షవాతమో మతిమరుపో ఉండి, పీవీఆర్ తక్కువగా ఉన్న మగమనిషికి కండోమ్ పైపు. అదే ఆడమనిషికైతే వేళకు బెడ్‌పాన్ పెట్టడం, డైపర్. పని తక్కువవుతుందని ఫోలీ వద్దు. పిరుదుల దగ్గర పెద్ద పుండు పడి, మూత్రం తగిలి మానకుండా ఉంటే అది మానేదాకా ఫోలీ వేయిస్తాను. ప్రోస్టేట్ పెద్దాయనకు కొన్నాళ్లు ఫోలీ, మాత్ర, తర్వాత ఆపరేషన్ సంగతి తేల్చుకోవడం. చేతులు బాగా పనిచేసే వెన్నుదెబ్బ మనిషికి సీఐసీ, రెండో మాట లేదు. చేతులు పనిచేయక, ఇంట్లో పగలు ఎవరూ లేక, మూత్రం దానంతట అది రాని మనిషికి ఎస్పీసీ. చివరి రోజుల్లో ఉన్నవాళ్లకు కదిలిస్తే నొప్పి అనుకుంటే ఫోలీ ఉంచేయండి. అప్పుడు లెక్క వేరు, వాళ్ల హాయే ముఖ్యం. అలాంటివాళ్ల కోసం జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్, అంటే నొప్పీ బాధా తగ్గించి చూసుకునే విభాగం ఉందేమో అడగండి, ఇంటికి వచ్చి చూసే ఏర్పాటు గురించి కూడా అక్కడే చెబుతారు.

ఏ పైపు ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి పోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మూడు నాలుగు గంటలుగా బ్యాగులో చుక్క పడక పొట్ట ఉబ్బడం, ముందు పైపు ఎక్కడైనా మడత పడిందేమో చూడండి, ఒక్కోసారి అంతే ఉంటుంది. చలితో వణికించే జ్వరం. గడ్డలు గడ్డలుగా నెత్తురు. వెన్నుపాము పైభాగంలో దెబ్బ తగిలినవాళ్లకైతే ఇంకోటుంది: ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు, బీపీ ఎగబాకడం. మూత్రాశయం నిండిపోయి ఒళ్లు చేసే హెచ్చరిక అది. వెంటనే లేపి కూర్చోబెట్టి, పైపు మడత తీసి, బ్యాగు ఖాళీ చేసి, తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే తలలో నరం చిట్లే ప్రమాదం.

మా ఇంట్లో క్యాలెండర్ వెనక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: పైపు వేసిన తేదీ, సిలికాన్, 16 నంబరు, బుడగలో పది మిల్లీలీటర్లు, మళ్లీ మార్చే తేదీ. అమ్మకు కనబడదని ఆ తేదీని తమ్ముడి కొడుకు పొద్దున్నే చదివి వినిపిస్తాడు. ఈ నెల మార్చేది శనివారం. నర్సమ్మ పది గంటలకు వస్తానంది, నాయన తొమ్మిదికే స్నానం చేసి అరుగు మీద కూర్చుంటాడు.